1,28,000 మైళ్లు తిరిగిన బాక్‌స్టర్ ఎస్ కొనవచ్చా?

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి నా మాటల్లో చెప్తాను, ఏమైనా తప్పుగా అర్థం చేసుకుంటే మీకు తెలుస్తుంది. డాలస్ చుట్టుపక్కల రెండు పోర్షే బాక్‌స్టర్లు చూశారు, అంటే గుడ్డ టాప్ మడిచే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లు. ఒకటి 2002 మోడల్ బాక్‌స్టర్ ఎస్, ఆరు గేర్ల మాన్యువల్. 1,28,000 మైళ్లు తిరిగింది, 11,500 డాలర్లు అడుగుతున్నారు. తొమ్మిదేళ్లుగా ఒకరి దగ్గరే ఉంది, బిల్లుల ఫైలు ఉంది. రెండోది 2003 మోడల్, అదీ ఎస్సే. 54,000 మైళ్లే తిరిగింది, 17,500 డాలర్లు. చిన్న డీలర్ దగ్గర ఉంది, పాత కాగితాలేవీ లేవు. లక్ష మైళ్లు దాటిన స్పోర్ట్స్ కారు అనగానే ఇంట్లో అందరూ భయపడుతున్నారు, మీకూ తక్కువ తిరిగినదాని మీదే మనసుంది. ఏది తీసుకోవాలి, ఏమేం చూసుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నేనైతే మొదటిదే తీసుకుంటాను, అదీ తనిఖీలో నెగ్గితేనే. రెండోదాన్ని ఆ ధరకి, కాగితాలు లేకుండా తీసుకోను. ఎందుకో వివరంగా రాస్తాను.

నా దగ్గర 2001 బాక్‌స్టర్ ఉంది, 2.7 లీటర్ల ఇంజిన్‌ది. 2013లో కొన్నప్పుడు 96,000 మైళ్ల మీద ఉంది, ఇప్పుడు 1,87,000 దాటింది. దానికంటే ముందు ఇంకో కంపెనీ రెండు సీట్ల కారు కొన్నాను. 41,000 మైళ్లు మాత్రమే తిరిగింది, పెయింటు అద్దంలా మెరుస్తోంది. తక్కువ తిరిగింది కదా అని ఎవరికీ చూపించకుండా డబ్బు కట్టేశాను. ఐదు నెలలకు ఇంజిన్ విప్పాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి కవరు కింద కదలకుండా ఉన్న బండి అని అప్పుడు తెలిసింది. ఇప్పుడు మీకు చెప్పేదంతా ఆ రెండు కార్ల దగ్గర నేర్చుకున్నదే.

మీటరు మీది అంకె కారు వయసు కాదు. మీరు చూసిన రెండో కారు ఇరవై రెండేళ్లలో 54,000 మైళ్లు అంటే నెలకు 200 మైళ్లు. అంటే చాలా నెలలు అసలు కదిలి ఉండదు, కదిలినా కిరాణా కొట్టు దాకా వెళ్లి వచ్చి ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తే లోపల చేరిన తేమ ఆవిరై పోదు, ఆయిల్‌లోనే ఉండిపోతుంది. రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. టైర్ల గాడులు నిండుగా కనిపిస్తాయి కానీ రబ్బరు రాయిలా అయిపోతుంది. గ్యారేజీలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. మొదటి కారు నెలకు సుమారు 450 మైళ్లు తిరిగింది. వారానికి రెండుమూడుసార్లు హైవే ఎక్కి, ఇంజిన్ బాగా వేడెక్కి, వేళకి ఆయిల్ మార్పించుకున్న బండి లెక్క అది. సంతలో ఎద్దును కొనేవాడు దాని నిగనిగ చూసి బేరమాడడు. నోరు తెరిచి పళ్లు చూస్తాడు, కాడి కట్టి నడిపించి చూస్తాడు. ఈ కార్లకూ అదే పద్ధతి.

ఇక అందరూ మిమ్మల్ని భయపెట్టే విషయం, ఐఎంఎస్ బేరింగ్. దీని గురించి సగం తెలిసినవాళ్లు ఎక్కువ, అందుకే కాస్త నెమ్మదిగా చెప్తాను.

1997 నుంచి 2004 మోడళ్ల దాకా వచ్చిన బాక్‌స్టర్‌ని 986 అంటారు. అందులో ఉండేది ఎం96 అనే ఆరు సిలిండర్ల ఇంజిన్, సిలిండర్లు నిలువుగా కాకుండా ఇటు మూడు అటు మూడు పడుకుని ఉంటాయి. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్, వాల్వులను తెరిచి మూసే కామ్ షాఫ్టులను నేరుగా తిప్పదు. మధ్యలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటి ఉంటుంది, ఐఎంఎస్ అంటే ఇదే, క్రాంక్ దాన్ని చెయిన్‌తో తిప్పుతుంది, అది మళ్లీ చెయిన్లతో కామ్‌లను తిప్పుతుంది. ఆ షాఫ్ట్ ఒక కొస, గేర్‌బాక్స్ వైపు ఉండే కొస, ఒక సీల్డ్ బాల్ బేరింగ్ మీద కూర్చుంటుంది. లోపల గ్రీజు పెట్టి రెండు వైపులా మూసేసిన బేరింగ్ అది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మూత గట్టిపడి వేడి ఆయిల్ లోపలికి దూరుతుంది, గ్రీజును కడిగేస్తుంది, లోపలికి వెళ్లిన ఆయిల్ మాత్రం మారకుండా అక్కడే ఉండి పాడవుతుంది. బేరింగ్ అరిగి విరిగితే చెయిన్ల టైమింగ్ తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. అంతటితో ఇంజిన్ పోయినట్టే. ఆ ఇంజిన్ బాగుచేయించే ఖర్చు మీరు పెట్టే కారు ధరను దాటేస్తుంది.

మొదట్లో వచ్చిన ఇంజిన్లలో రెండు వరసల బాల్ బేరింగ్ ఉండేది, 2000-2001 ప్రాంతంలో ఒక వరస బేరింగ్‌కి మారారు. దీని మీద అమెరికాలో యజమానులందరి తరఫున వేసిన కేసు 2013లో రాజీతో ముగిసింది. 2001 మే 4 నుంచి 2005 ఫిబ్రవరి 21 మధ్య తయారైన కార్లు దాని కిందికి వచ్చాయి. ఆ కేసుతో బయటికొచ్చి అందరూ చెప్పుకునే లెక్క ప్రకారం ఒక వరస బేరింగ్ నూటికి ఎనిమిది కార్లలో దెబ్బతింది, రెండు వరసలది నూటికి ఒకటి కూడా లేదు. ఆ రాజీ గడువు ఈ కార్లకు ఎప్పుడో దాటింది, దాని మీద ఆశ పెట్టుకోకండి. మీరు చూసిన రెండు కార్లూ ఒక వరస బేరింగ్ కాలానివే.

నూటికి ఎనిమిది అంటే తొంభై రెండు కార్లు బాగానే ఉన్నాయన్న మాట. కానీ ఎనిమిదిలో మీది ఒకటైతే మీకు నష్టం మొత్తం కారే. అందుకే దీన్ని అదృష్టానికి వదలకూడదు, బేరింగ్ మార్చి ఉండాలి లేదా మార్చే డబ్బు చేతిలో ఉంచుకుని కొనాలి. ఇంకో సంగతి గమనించండి. ఈ కార్ల మీద బతికే మెకానిక్కులు చెప్పేది ఏంటంటే, రోజూ తిరిగి, తరచూ ఆయిల్ మార్పించుకున్న బళ్లలో ఇది తక్కువ, గ్యారేజీలో దాచిన బళ్లలో ఎక్కువ. పైన చెప్పిన కారణం చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. మీ ఇంట్లో వాళ్లకు ఈ ఒక్క ముక్క చెప్పండి, 1,28,000 అన్న అంకె మీద భయం కొంత తగ్గుతుంది.

బేరింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. కాబట్టి ఎవరైనా క్లచ్ వేయించేటప్పుడే బేరింగూ, క్రాంక్ షాఫ్ట్ వెనక కొసన ఆయిల్ కారకుండా ఆపే రియర్ మెయిన్ సీలూ కలిపి చేయిస్తారు. ఈ మూడూ కలిపి బయటి స్పెషలిస్టు దగ్గర సుమారు 2,500 నుంచి 3,500 డాలర్లు అవుతుంది. మొదటి కారు యజమాని 91,000 మైళ్ల దగ్గర బేరింగ్ మార్పించానని అన్నాడని రాశారు. మంచిదే. ఆ బిల్లు మీ కళ్లతో చూడండి. దాని మీద ఈ కారు విన్ నంబరు (ఒక్కో కారుకి వేరుగా ఉండే గుర్తింపు నంబరు), అప్పటి మైళ్లు, క్లచ్, రియర్ మెయిన్ సీల్, బేరింగ్ పేరు లేదా పార్ట్ నంబరు విడివిడిగా ఉండాలి. నాకు ఒకసారి ఒకాయన బేరింగ్ మార్చారని గట్టిగా చెప్పాడు, బిల్లు తీస్తే క్లచ్ ఒక్కటే ఉంది. ఆయన అబద్ధం చెప్పలేదు, గేర్‌బాక్స్ దించారు కదా అన్నీ చేసే ఉంటారని అనుకున్నాడు. ఆ షాపుకి ఫోన్ చేస్తే చేయలేదని వాళ్లే చెప్పారు. మీరూ ఫోన్ చేయండి, రెండు నిమిషాల పని. వేసిన బేరింగ్ ఏ రకమో కూడా అడగండి. బయటి కంపెనీల బేరింగుల్లో చాలావాటికి ఇన్నేళ్లకి లేదా ఇన్ని మైళ్లకి మళ్లీ మార్చాలన్న గడువు తయారీదారే రాస్తాడు. 91,000 దగ్గర వేసినదానికి ఇప్పటికే 37,000 మైళ్లు అయ్యాయి, ఏళ్ల లెక్క కూడా చూసుకోవాలి.

పక్కమాటగా ఒకటి. 2006 నుంచి 2008 మోడళ్లలో బేరింగ్ పెద్దది, గట్టిది, కానీ ఇంజిన్ పూర్తిగా విప్పితే తప్ప బయటికి రాదు. 2009 మోడల్ నుంచి ఇంజినే కొత్తది, అందులో ఆ షాఫ్టే లేదు. మీ బడ్జెట్ అంత దూరం పోతే అది వేరే కథ, ఈ రెండు కార్లతో పోల్చే ధరలో దొరకదు.

ఫైల్లో మిగతా బిల్లుల్ని తారీఖుల వారీగా పేర్చి కూర్చోండి. నేను ముందు చూసేది ఆయిల్ మార్పులు. కంపెనీ అప్పట్లో 15,000 మైళ్లకు ఒకసారి చాలంది, ఇప్పుడు ఈ ఇంజిన్ తెలిసిన ఎవరూ అలా వదలరు. 5,000 మైళ్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. తొమ్మిదేళ్లలో రెండేళ్ల ఖాళీ కనిపిస్తే ఆ రెండేళ్లు కారు ఏం చేసిందో అడగండి. ఉద్యోగం మారి ఊళ్లో లేను అంటే అర్థం చేసుకోవచ్చు, జవాబు తడబడితే జాగ్రత్త. తర్వాత నీళ్ల పంపు. లోపల తిరిగే రెక్కలు ప్లాస్టిక్‌వి, విరిగితే ముక్కలు ఇంజిన్ నీటిదారుల్లోకి పోతాయి. 60,000 నుంచి 80,000 మైళ్లకు ఒకసారి మార్చడం మంచిది, అంటే ఈ కారుకి ఇప్పటికి ఒక్కసారైనా మారి ఉండాలి. కూలెంట్ ట్యాంకు, కాయిళ్లు, ప్లగ్గులు, ముందు చక్రాలను పట్టి ఉంచే కంట్రోల్ ఆర్ములు మారిన బిల్లులు ఉంటే సంతోషించండి. ఎక్కువ తిరిగిన కారులో అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు మారాల్సినవే, ఆ ఖర్చు ముందాయన పెట్టేశాడన్నమాట. 54,000 మైళ్ల కారులో అవన్నీ మీ చేతుల మీదుగా మారతాయి.

కారు చూడ్డానికి వెళ్లే ముందు యజమానికి ఒక్క మాట చెప్పండి, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. చల్లగా ఉన్న ఇంజిన్ చాలా నిజాలు చెప్తుంది, ముందే వేడి చేసి పెట్టినది వాటిని దాచేస్తుంది. అయితే బానెట్ తెరిచి ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూద్దామనుకుంటే ఈ కారులో కుదరదు, ఇంజిన్ మీకు కనపడదు. సీట్ల వెనక, టాప్ కింద ఉంటుంది. వెనక డిక్కీలో ఆయిల్ పోసే మూత, కూలెంట్ మూత, ఆయిల్ కొలిచే పుల్ల మాత్రమే చేతికందుతాయి. సైలెన్సర్ గొట్టం దగ్గర చెయ్యి పెడితే వేడి చేశారో లేదో తెలిసిపోతుంది.

స్టార్ట్ చేయగానే రెండుమూడు సెకన్లు టకటక చప్పుడు వచ్చి ఆగితే కంగారు పడకండి. కొద్దిగా పొగ వచ్చి పోయినా ఫర్వాలేదు, సిలిండర్లు పడుకుని ఉంటాయి కాబట్టి నిలిపి ఉంచినప్పుడు కాస్త ఆయిల్ లోపలికి జారి కాలిపోతుంది. కానీ వీధంతా కమ్మేసే తెల్లపొగ వచ్చి తగ్గకపోతే ఇంజిన్ ఆవిరిలోంచి ఆయిల్‌ని వేరుచేసే ఏఓఎస్, అదే ఎయిర్ ఆయిల్ సెపరేటర్, పోయిందని అర్థం. దీన్ని చూసే తేలిక పద్ధతి ఒకటుంది. ఇంజిన్ నడుస్తుండగా డిక్కీలో ఆయిల్ మూత తిప్పి పైకి లాగండి. కాస్త పట్టుతో వచ్చి, ఇంజిన్ చప్పుడు కొంచెం మారితే మామూలే. రెండు చేతులతో లాగినా రానంతగా లోపలికి పీల్చుకుంటుంటే సెపరేటర్ మార్చాల్సిందే. పార్టు ఖరీదు ఎక్కువ కాదు, చెయ్యి దూరని చోట ఉంటుంది కాబట్టి కూలి ఎక్కువ.

డిక్కీలో కార్పెట్ ఎత్తి కింద వేలు పెట్టి చూడండి. జిగురుగా, తియ్యటి వాసనతో తడి తగిలితే కూలెంట్ ట్యాంకు పగిలింది. కూలెంట్ మూత మీది పార్టు నంబరు చివర 04 ఉంటే కొత్త రకం మూత, పాతదైతే వెంటనే మార్చుకోవాలి. ముందు బంపర్ గాలి రంధ్రాల్లోకి టార్చి కొట్టి చూడండి. రేడియేటర్లు అక్కడే ఉంటాయి, ఎస్ మోడల్‌కి మధ్యలో మూడోది కూడా. ఏళ్ల తరబడి ఎండుటాకులు చేరి తడిసి పేరుకుపోతే లోహం తినేస్తుంది. మన టెక్సస్ ఆగస్టులో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడాల్సిన కారు ఇది. టెస్ట్ డ్రైవ్‌లో ఏసీ పెట్టి పదిహేను నిమిషాలు నిలిపి ఉంచి, వేడి ముల్లు ఎక్కడుందో గమనించండి.

ఇప్పుడు అందరూ మర్చిపోయే చోటు. టాప్ మీద పడిన వాన నీరు బయటికి పోవడానికి టాప్ వెనక రెండు పక్కలా చిన్న కాలువల్లాంటి దారులుంటాయి. వాటిల్లో ఆకులు ఇరుక్కుంటే నీరు క్యాబిన్‌లోకి వస్తుంది. ఎడమ సీటు కింద, సరిగ్గా నీరు చేరే చోట, తాళానికీ అలారానికీ సంబంధించిన కంట్రోల్ యూనిట్ పెట్టారు. అది తడిస్తే కారు స్టార్ట్ కాదు, తలుపు తాళాలు మాట వినవు. నేను మొదటి ఏడాది ఆ దారుల సంగతి పట్టించుకోలేదు. చెట్టు కింద పెట్టి వారం ఊరెళ్లాను, వచ్చేసరికి వాన పడి సీటు కింద నీళ్లు నిలిచాయి. ఆ నిర్లక్ష్యం నాదే, 900 డాలర్లు పోయాయి. మీరు సీటు పక్క కార్పెట్‌ని గట్టిగా నొక్కి చూడండి, ముక్క వాసన వస్తుందేమో చూడండి. యజమాని ఒప్పుకుంటే ఒక సీసా నీళ్లు ఆ దారిలో నెమ్మదిగా పోయండి. వెనక చక్రం ముందు నుంచి కిందికి కారాలి. 2002 దాకా టాప్ వెనక కిటికీ ప్లాస్టిక్‌ది, 2003 నుంచి గాజు వచ్చింది. మొదటి కారుకి ప్లాస్టిక్ మసకబారిందా, పగిలిందా చూడండి, టాప్ మొత్తం మారిస్తే రెండు వేల డాలర్ల దాకా పోతుంది.

నడపడం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, కనీసం నలభై నిమిషాలు, అందులో సగం హైవే. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు గీరుకుంటుందా, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే గేరు దానంతటదే జారి బయటికొస్తుందా చూడండి. జారితే గేర్‌బాక్స్ విప్పే ఖర్చు, ఆ కారు వదిలేయండి. స్పీడ్ బ్రేకర్ మీద టక్కుమంటే సస్పెన్షన్ ఆర్ములు, అది బేరానికి పనికొస్తుంది కానీ భయపడే విషయం కాదు.

టైరు పక్కన DOT అని మొదలయ్యే అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఆరేళ్లు దాటిన టైరు ఎంత కొత్తగా కనిపించినా ఈ కారుకి వద్దు. నాలుగూ ఒకే కంపెనీవా కాదా అన్నది కూడా నేను చూస్తాను. స్పోర్ట్స్ కారుకి నాలుగు రకాల టైర్లు వేసినవాడు ఇంజిన్ ఆయిల్ దగ్గర మాత్రం మంచిది వేశాడని నేను నమ్మను.

విన్ నంబరులో పదకొండో అక్షరం ఎస్ ఉంటే కారు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో తయారైంది, యూ ఉంటే ఫిన్లాండ్‌లోని ఊసికౌపుంకిలో వాల్మెట్ ఫ్యాక్టరీలో. ఫిన్లాండ్‌ది తక్కువ రకం అని కొందరు ధర తగ్గించమంటారు. నాది ఫిన్లాండ్‌దే, 1,87,000 మైళ్లు వచ్చింది. దాని గురించి ఆలోచించకండి.

ఇదంతా మీరు చేసుకునే పని. ఆ తర్వాత తప్పనిసరిగా ఈ ఇంజిన్లు తెలిసిన స్పెషలిస్టు దగ్గర కొనుగోలు ముందు తనిఖీ, అదే పీపీఐ, చేయించండి. అన్ని కార్లూ చూసే మామూలు గ్యారేజీ కాదు. 300 నుంచి 500 డాలర్లు తీసుకుంటారు. అమ్మేవాడు సూచించిన షాపు కాకుండా మీరు ఎంచుకున్న షాపులో చేయించాలి. అమ్మేవాడు తనిఖీకే ఒప్పుకోకపోతే అక్కడితో మాట ముగించండి.

వాళ్లను ప్రత్యేకంగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆయిల్ ఫిల్టర్ తీసి, లోపలి కాగితం విప్పి చూపించమనండి. మెరిసే ఇనుప రజను కనిపిస్తే, అయస్కాంతానికి అంటుకుంటే, ఎంత చవగ్గా ఇచ్చినా ఆ కారు వద్దు. ముదురు గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు ఒకటీ అరా ఉంటే అవి చెయిన్ల కింద ఉండే ప్యాడ్లవి, అరుగుతున్నాయని అర్థం. ప్లగ్గులు తీసి సిలిండర్లలోకి చిన్న కెమెరా దింపి గీతలున్నాయేమో చూడమనండి. ఈ 3.2 లీటర్ల ఇంజిన్‌లో గీతల జబ్బు తర్వాత వచ్చిన 3.4 అంత తరచుగా కనిపించదు, అయినా డబ్బు కట్టి చూపిస్తున్నప్పుడు చూపించేయాలి.

మూడోది, కారు కంప్యూటర్ చదివించడం. కారు కంప్యూటర్‌లోని కోడ్‌లు చదివే మామూలు ఓబీడీ యంత్రం చాలదు, డ్యూరామెట్రిక్ లాంటి పోర్షే సాఫ్ట్‌వేర్ ఉండాలి. దాంట్లో రెండు వైపుల కామ్ షాఫ్టుల డీవియేషన్ అంకెలు, అంటే ఉండాల్సిన చోటి నుంచి ఎంత తప్పాయన్న లెక్క, వస్తాయి, సున్నాకి అటూ ఇటూ ఆరు డిగ్రీల లోపు ఉండాలి. దాటితే టైమింగ్ భాగాలు అరిగాయి. గేరు తప్పుగా వేసి ఇంజిన్‌ని హద్దు దాటి తిప్పిన సందర్భాలు ఎన్ని ఉన్నాయో కూడా చూపిస్తుంది. వీటన్నిటికంటే నాకిష్టమైనది ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందన్న లెక్క. మైళ్లను గంటలతో భాగించండి. 1,28,000 మైళ్లకి 4,100 గంటలు వస్తే సగటున గంటకు 31 మైళ్లు, ఊళ్లోనూ హైవేలోనూ కలిపి తిరిగిన ఆరోగ్యమైన కారు. రెండో కారుకి 54,000 మైళ్లకి 3,400 గంటలు వచ్చాయనుకోండి, సగటు గంటకు 16 మైళ్లే. అప్పుడు మీటరు వెనక్కి తిప్పారా, లేక ఎప్పుడూ ట్రాఫిక్‌లోనే నలిగిందా అని అడగాలి, రెండూ మంచివి కావు. ఇంత పాత కార్లకు అమ్మేటప్పుడు మైళ్లు రాసిచ్చే ఫెడరల్ నిబంధన వర్తించదు, కాబట్టి మీటరు అంకెను ఈ గంటలతో, కారు పాత చరిత్ర చెప్పే కార్‌ఫాక్స్ రిపోర్టులో ఏళ్ల వారీగా నమోదైన మైళ్లతో మీరే సరిచూసుకోవాలి.

ఇంకో మోసం గురించి. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే కొందరు మీరు రావడానికి గంట ముందు కోడ్‌లు చెరిపేస్తారు. లైటు పోతుంది, కానీ కారు తనను తాను పరీక్షించుకునే రెడీనెస్ మానిటర్లు కూడా ఖాళీ అవుతాయి. ఇరవై డాలర్ల ఓబీడీ రీడర్ పెట్టి చూస్తే 'నాట్ రెడీ' అని వస్తుంది. రోజూ నడుపుతున్నానని చెప్పిన కారులో అలా వస్తే ఎవరో చెరిపారు. మనకిది ఇంకో కారణంతోనూ ముఖ్యం. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు గానీ, డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ లాంటి కౌంటీల్లో 2 నుంచి 24 ఏళ్ల వయసు పెట్రోల్ కార్లకు ఎమిషన్ టెస్ట్, అంటే పొగ పరీక్ష, ఉంది. మానిటర్లు సిద్ధంగా లేకపోతే దాంట్లో నెగ్గదు.

ఇప్పుడు డబ్బు. మొదటి కారు 11,500. సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం, సుమారు 720. తనిఖీ 400. దీనికి తోడు 4,000 డాలర్లు విడిగా పక్కన పెట్టండి, ఈ డబ్బు కారు ధరలో భాగమే అనుకోండి. మొత్తం 16,600 చిల్లర. రెండో కారు ఒక్క ధరా ట్యాక్సూ కలిపితేనే 18,600 అవుతుంది, దాని మీద బేరింగ్, క్లచ్, పంపు, ట్యాంకు, టైర్లు అన్నీ మీవే. పక్కన పెట్టే 4,000 లేకపోతే ఈ రెండే కాదు, ఈ రకం కారు ఏదీ ఇప్పుడు కొనకండి, ఆర్నెల్లు ఆగండి. నాకు పన్నెండేళ్ల సగటు చూస్తే టైర్లతో కలిపి ఏడాదికి 1,800 డాలర్లు అయింది, ఆయిల్, బ్రేకులు, ప్లగ్గులు నేనే వేసుకుంటాను. అన్నీ షాపులో చేయిస్తే ఇంకా ఎక్కువ. ఆయిల్ దాదాపు తొమ్మిది క్వార్టులు పడుతుంది, మామూలు కారు లెక్కతో పోల్చుకోకండి. ప్రతిసారీ కాస్త వాడిన ఆయిల్‌ని ఇండియానాలోని బ్లాక్‌స్టోన్ ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయిస్తాను. ఇనుము, రాగి ఎంతున్నాయో చెప్తారు, ఒక్క రిపోర్టు కంటే మూడు నాలుగు రిపోర్టుల వరస చూస్తేనే తేడా తెలుస్తుంది.

డీలర్ దగ్గరి కారు గురించి ఒక మాట. కిటికీకి అంటించిన బయ్యర్స్ గైడ్ కాగితం చదవండి, 'యాజ్ ఈజ్', అంటే ఉన్నది ఉన్నట్టే, అని ఉంటే గేటు దాటాక ఏం జరిగినా మీదే బాధ్యత. డీలర్ నోటితో చెప్పిన హామీకి విలువ లేదు.

మొదటి కారు తనిఖీలో ఏవైనా బయటపడితే ఆ రిపోర్టును పక్కన పెట్టుకుని యజమానితో మర్యాదగా మాట్లాడండి. తొమ్మిదేళ్లు కాగితాలు దాచుకున్న మనిషికి ఆ కారంటే ప్రేమ ఉంటుంది, కించపరిచి తగ్గించాలని చూస్తే పని చెడుతుంది. ఈ పనికి ఇంత, ఆ పనికి ఇంత అని లెక్క చూపిస్తే చాలామంది సగమైనా తగ్గిస్తారు. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్, రీబిల్ట్ లాంటి, బాగా దెబ్బతిన్న కారని చెప్పే ముద్రలు లేవని, బ్యాంకు అప్పు తీరిందని చూసుకుని, ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లి అక్కడే బదిలీ పూర్తి చేయండి. రెండు తాళంచెవులూ అడిగి తీసుకోండి, కొత్తది చేయించడం ఖరీదు.

ఇంట్లో వాళ్ల టెన్షన్ గురించి. మీ ఆవిడను టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లండి, తనిఖీ రోజు కూడా రమ్మనండి. కారు లిఫ్టు మీద ఉన్నప్పుడు మెకానిక్ కింద నుంచి ఒక్కో భాగం చూపిస్తూ చెప్తాడు, ఆవిడ అడిగే ప్రశ్నలు మీకు తట్టకపోవచ్చు. కారు మీద మనసు పడ్డవాడి కంటికి కొన్ని కనపడవు. మా ఇంట్లో 2013లో అలాగే జరిగింది, టైరు మీది తారీఖు చదివింది నేను కాదు. ఒకటి మాత్రం ఇద్దరూ ముందే ఒప్పుకోండి, ఇది ఇంటికి ఏకైక కారు కాకూడదు. రెండే సీట్లు, పిల్లల్ని బడికి దింపే రోజున ఇది షాపులో ఉంటే ఆ గొడవ కారు మీదికి పోతుంది.

ఈ వారంలో చేయాల్సింది, మొదటి కారాయనకి ఫోన్ చేసి 91,000 మైళ్ల దగ్గరి బిల్లు ఫొటో అడగండి. అందులో బేరింగ్ రాసి ఉంటే పీపీఐకి రోజు ఖాయం చేసుకోండి. లేకపోతే ధరలో 3,000 తగ్గించమని అడిగి, ఆ డబ్బుతో కొన్న నెలలోనే గేర్‌బాక్స్ దింపించండి. తనిఖీ రిపోర్టు వచ్చాక కామ్ డీవియేషన్ అంకెలు, ఇంజిన్ గంటలు, విప్పిన ఫిల్టర్ ఫొటో నాకు పంపండి, చూసి చెప్తాను.